పొగమంచులో గోడావణ్

పుష్యమాసపు ఆ ఉదయం జీపులో హాజరైనవారు, కూర్చున్న వరుసలో: ముందు, డ్రైవర్ సుమార్ ఖాన్ పక్కన, పక్షివీక్షకుల సంఘాధ్యక్షుడు, విశ్రాంత తహసీల్దారు జోరావర్ సింగ్ భాటీ; వెనుక ఆయన వదిన ఉగమ్ కన్వర్; ఆమెకు ఎడంగా, సజ్జరొట్టెల డబ్బా ఒళ్లో పెట్టుకుని, జైసల్మేరు బట్టల వర్తకుడు తేజ్‌మల్ భన్సాలీ.

క్రిందటి చలికాలం జోరావర్ సింగ్ ఈ ఎడారికి ఒంటరిగా వచ్చి, గోడావణ్‌ను, అంటే మీటరెత్తుండే అరుదైన బట్టమేక పిట్టను, చూశానని ప్రకటించాడు. అటవీశాఖవారు ఎంత గాలించినా ఈకైనా దొరకలేదు. నాటినుండి బజారులో ఆయన మాటకు మునుపటి విలువ లేదు. ఈసారి సాక్షుల ఎదుట చూసి తీరాలి.

పొగమంచు నేలనూ ఆకాశాన్నీ కలిపేసింది. జీపు ఆగింది. ఎదురుగా, నల్లని టోపీ పెట్టుకున్నట్టు, మెడ నిటారుగా నిలిపి ఏదో నిలబడి ఉంది.

“అదిగో, గోడావణ్!”

“నాకు మేకపిల్లలా ఉంది, దేవర్‌సా,” అంది ఉగమ్ కన్వర్ మరిదితో.

“రాబందు, హుకుం,” అన్నాడు సుమార్ ఖాన్, దొరను పిలిచే మర్యాదతో. “ఉహూ... ఏమో.”

“మా దుకాణం ముందు బొమ్మ లేచొచ్చినట్టుంది,” అన్నాడు తేజ్‌మల్. “చీర కట్టి చూద్దామా?”

జోరావర్ సింగ్ దుర్భిణి ఎత్తాడు. పక్షితోపాటు మంచూ పెద్దదైంది. దూరమా, దగ్గరా? పోల్చుకోవడానికి పక్కన ఒక పొదైనా లేదు. అయినా ఫోను తీశాడు.

“ఎవరికి?” అన్నాడు తేజ్‌మల్.

“అటవీశాఖకు.”

“మంచు విడిపోనీ, జోరా.”

“అంతలో ఎగిరిపోతే?”

“పోయినేడు నీ వెనకాల నవ్వారు. ఈసారి మొహమ్మీదే నవ్వుతారు. వాళ్లను నేను తిట్టనూలేను, పోయినేడు నేనూ నవ్వినవాణ్ణే కదా!”

జీపు దిగి పక్షిని బెదరగొట్టినవారికి ఆ చలికాలమంతా ప్రయాణాలు నిషేధం. ఆ నియమం పెట్టినది జోరావర్ సింగే. తేజ్‌మల్ డబ్బాను ఉగమ్ కన్వర్ చేతికిచ్చి తలుపు తీశాడు.

“దిగకు! నియమం!”

“తెలుసులే. భాభీసా, వెల్లుల్లి పచ్చడి నాక్కాస్త మిగల్చండి.”

పోయేకొద్దీ అతడు చిన్నవాడై, పక్షి దగ్గరకు చేరేసరికి చుక్కంత అవుతాడని జోరావర్ సింగ్ ఎదురుచూశాడు. నాలుగడుగులైనా వేయకముందే తేజ్‌మల్ దాని పక్కన ఉన్నాడు. అది అతని మోకాలికైనా రాలేదు. చురుకుగా పరుగెత్తి ఆగింది, మళ్లీ పరుగెత్తింది, కీచుమని లేచి మంచులో కలిసిపోయింది.

“నుక్రీ పిట్ట!” అన్నాడు సుమార్ ఖాన్. “పావురమంతైనా లేదు, హుకుం.”

జోరావర్ సింగ్ ఫోను జేబులో పెట్టాడు. మరి పోయినేడు చూసినదేమిటి? విశాలమైన రెక్కలు స్పష్టంగా గుర్తున్నాయి. ఎంత విశాలం? ఆనాడూ మంచే కదా? ఎండ కాసిందేమో? ఎటు తలచినా తేలలేదు.

తేజ్‌మల్ తిరిగి వచ్చాడు. “ఇక ఫాల్గుణం దాకా నన్ను రానివ్వవు కదూ?”

“రానివ్వను.”

“రొట్టైనా పెడతావా?”

జోరావర్ సింగ్ జీపు దిగాడు. తలపాగా సరిచేసుకుని, సభలో నిలబడినట్టు నిలబడ్డాడు.

“సంఘం తరఫున ప్రకటిస్తున్నాను. శ్రీ తేజ్‌మల్ భన్సాలీగారు, శిక్ష తెలిసి కూడా, నియమాన్ని ఉల్లంఘించి పక్షిని లేపారు. తద్వారా అధ్యక్షుని నోట ఒక తప్పుడు వార్త వెలువడకుండా కాపాడారు. ఇందుకు అధ్యక్షుడు వారికి కృతజ్ఞుడు.”