పెద్దులు స్మారక టోర్నమెంటు

మక్తల్ మైదానంలో కట్టిన ఫ్లెక్సీని ఫోన్‌లో చూసి కరుణ అగ్గిమీద గుగ్గిలమైంది. "కీర్తిశేషులు పెద్దులు స్మారక క్రికెట్ టోర్నమెంటు" అట! ఆ పెద్దులేమో, ఆమె తాత, తొంభై మూడేళ్ల మనిషి, మేళ్లచెరువులో ఆమె ఎదుటే మంచం మీద కూర్చుని రొట్టెను పాలలో నానబెట్టుకుంటున్నాడు.

"సచ్చిపోయినవని రాసిండ్రు తాతా! ఫోన్ జేసి కడిగేస్త ఉండు."

"వద్దు బిడ్డా! బతికున్ననని తెలిస్తే పేరు పీకేస్తరు."

అదీ ఆయన భయం. పందొమ్మిది వందల యాభై అయిదులో సొంతూరు మక్తల్ తరఫున ఆడి, కొల్లాపూర్ జట్టు మీద ఒక్కడే ఏడు వికెట్లు తీశాడు. ఆనాడు ఎవరూ ఆయన పేరు ఎక్కడా రాయలేదు. తర్వాత సున్నపురాయి పనికని ఇటొచ్చి నలభై ఏళ్లాయె. ఊరు మరిచిందనే అనుకున్నాడు. చచ్చాడనుకుంటేనేం, తలుచుకున్నారు కదా! ఆ సంతోషం పట్టలేక మనవరాలిని వెంటబెట్టుకుని బస్సెక్కాడు.

మైదానంలో ఎవరికీ చెప్పకుండా జనంలో కూర్చున్నారు. నిర్వాహకుడు నరేశ్ మైకులో, "పెద్దులు తాత కోసం రెండు నిమిషాలు మౌనం" అన్నాడు. అందరితోపాటు పెద్దులూ తలపాగా తీసి నిలబడ్డాడు. ముందు నవ్వొచ్చింది. అంతలో తన కెప్టెన్ రామచంద్రయ్య పంతులు గుర్తొచ్చాడు. కొల్లాపూర్‌లో పెద్దులుకు వేరుగా, ఎండలో విస్తరి వేస్తే, తన విస్తరి ఎత్తుకొచ్చి పక్కన కూర్చుని తిన్న మహానుభావుడు. "పెద్దులుకు బాల్ ఇయ్యకుంటే నేనాడ" అని పంతం పట్టిందీ ఆయనే. ఆయన పోయి ముప్ఫై ఏళ్లు. ఆయన కోసం ఒక్క నిమిషమైనా ఎవరు నిలబడ్డారు? ముసలాయన కళ్లు ధారగట్టాయి.

కరుణకు గుండె తరుక్కుపోయింది. "ఏడ్వకు తాతా, నువ్వు బతికే ఉన్నవ్ గదా!" అంది.

ఆ మౌనంలో మైదానమంతా విన్నది. నరేశ్ పరుగున వచ్చి, సంగతి తెలిసి, ముఖం పాలిపోయి కాళ్ల మీద పడ్డాడు. "తప్పయింది తాతా! ఒరే, ముందు గా ఫ్లెక్సీ చింపుండ్రిరా!"

"చింపకుండ్రి!" పెద్దులు అడ్డం వెళ్లాడు. "గా కీర్తిశేషులు పక్కన రామచంద్రయ్య సారు పేరు రాయుండ్రి. కింద నా పేరు ఉంచి, సారు జట్టుల బౌలరని పెట్టుండ్రి. గంతకన్న నాకేం గావాలె?"

నరేశ్ పెయింటు డబ్బా తెప్పించాడు. అక్షరాలు ఆరేదాకా పెద్దులు అక్కణ్ణుంచి కదల్లేదు.