మామగారి గడ్డి

మామగారిని చుట్టుపక్కల అందరూ "గడ్డి డాక్టరు" అనేవారు. ఎగతాళికే అనేవారు, ఆయన మాత్రం బిరుదనుకున్నాడు. పశువుల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. వేరే ఖండం నుంచి వచ్చిన మేత విత్తనమంటూ ఎక్కణ్ణుంచో గుప్పెడు తెచ్చి ఇంటి వెనక చల్లాడు. అది మనిషెత్తు దాటి లేస్తే, సృష్టంతా తానే చేసినట్టు మీసం దువ్వుకున్నాడు. ఇక చూడాలి ఆయన దానగుణం! అడిగినవాడికీ అడగనివాడికీ విత్తనం పంచాడు. వద్దని మొహమాటపడినవాడి జేబులో పోసి మరీ పంపాడు.

కోడలికి ఆ గడ్డి పేరెత్తితే ఒళ్లు మంట. ఇంట్లో పాడి ఆమెది, నాలుగు ఆవులకీ మంచిచెడ్డలు చూసేది ఆమె. ఈ గడ్డి కంకి వేసిందా, కాడ పుల్లలా గట్టిపడుతుంది, ఆవు మూతి పెట్టి చూసి మొహం తిప్పుకుంటుంది. వేసవికల్లా నిలువెత్తు చెత్తయి కూర్చుంటుంది. పైగా తన నీడలో ఇంకో మొక్కని బతకనివ్వదు. ఆమె బెంగంతా వాగు పక్కనున్న బీడు గురించి. పొట్టి గడ్డి, నేలబారు తీగలు, కాయలు రాల్చే పాత చెట్లు. ఏడాది పొడవునా ఆవులకి అదే కంచం. ఆ కంచానికీ మామగారి గడ్డికీ మధ్య ఉన్నది ఒక్క ముళ్లకంచె. ముళ్లని చూసి ఆగే విత్తనం ఉంటుందా? రోజూ పాలు పితికాక కంచె వెంట తిరిగి, ఇటువైపు మొలిచిన దుబ్బునల్లా వేళ్లతో సహా పీకేసేది.

"మామయ్యా, కంకి పండకముందే కంచె పక్కన కోయించేద్దాం. విత్తనం రాలిందంటే నా బీడు నాశనమైపోతుంది" అంది ఒకరోజు.

"బీడంటే ఏముందమ్మాయ్ అక్కడ? చీమ నడిస్తే కనపడేంత గడ్డి! నా గడ్డి చూడు, ఏనుగు దాక్కోవచ్చు."

"మనకి ఏనుగులు లేవుగా మామయ్యా, ఆవులే ఉన్నాయి."

ఆమె భర్త అన్నం కలుపుతూ తలెత్తాడు. నాన్న ఏమన్నా "సరే నాన్నా" అనడం తప్ప వేరే మాట ఎరగని మనిషి. "నాన్న చెప్పింది కూడా ఆలోచించాలి కదా" అన్నాడు.

"అలాగే ఆలోచించండి. మీ ఇద్దరిలో ముందెవరు మొదలెడతారో చెప్పండి, కూర్చుని చూస్తాను" అంది ఆమె.

చివరికి కోయడానికి పెద్దాయన ఒప్పుకున్నాడు. కానీ తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు కదా! విత్తనం పండాకే కోయాలట, బంగారంలాంటి విత్తనం వృథా కాకూడదట. కోత పెట్టుకున్న రోజు ఆమె దూడకి మందు తేవడానికి వెళ్లింది. తండ్రి గొడుగు పట్టుకుని దారి చూపిస్తుంటే కొడుకు ట్రాక్టరు తోలాడు. పండిన కంకులన్నీ చక్రాలకీ వెనకున్న కోత బ్లేడులకీ పట్టుకున్నాయి. పని అయ్యేసరికి ఎండ మండిపోతోంది. నీడ ఎక్కడుంది? బీడులో ఉంది. గేటు తీసి, బీడుకి అడ్డంగా తోలుకెళ్లి, పెద్ద చెట్టు కింద ఆపారు.

ఆమె తిరిగొచ్చేసరికి భర్త ఎదురొచ్చాడు. "చూశావా, కోసేశాం. బండి కూడా కర్రతో కొట్టి శుభ్రంగా దులిపేశాను!"

"ఎక్కడ దులిపారు?"

"అదిగో, చెట్టు కింద. నీడుంది కదా."

కొండ నాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడటమంటే ఇదే. ఇంత తెలివిని ఒక్క ఇంట్లో పోగేసిన దేవుణ్ణి అనాలి గాని, వీళ్లని అని ఏం లాభం?

వానలు పడగానే బీడులో చక్రాల జాడ వెంట రెండు పచ్చటి గీతలు లేచాయి. చెట్టు కింద అయితే ఏకంగా పరుపే పరిచినట్టు మొలిచింది. ఆమె అరచేతులు చీరుకుపోయేదాకా పీకింది. ఒకటి పీకితే పది మొలిచాయి. వేసవి వచ్చేసరికి ఎండిన గడ్డి చెట్ల కొమ్మల్ని అందుకుంది.

అప్పుడు పెద్దాయనకి ఇంకో ఆలోచన వచ్చింది. ముదురు గడ్డి కాలిస్తే కొత్త చిగురు లేతగా వస్తుందని ఇంటి వెనక అగ్గిపుల్ల గీశాడు. గాలి వీచే మధ్యాహ్నం చూసుకుని మరీ గీశాడు మహానుభావుడు. వెనకటి రోజుల్లో ఆ బీడుకి నిప్పంటుకుంటే చీలమండల ఎత్తున పాకి దానంతటదే ఆరిపోయేది. ఇప్పుడు కంచె దాటి, ఆ రెండు గీతల వెంట పరిగెత్తి, చెట్ల తలలకి ఎక్కింది. ఆమె పాకలోకి దూకి తాళ్లు కోసి ఆవుల్ని రోడ్డు మీదకి తరిమింది. భర్త బకెట్లు మోశాడు. మంట ఆగకుండా అవతలివాళ్ల పొలాలు కూడా నాకేసింది. సాయంత్రానికి బీడులో నల్లటి మోళ్లు మిగిలాయి. ఆమె ఆ బూడిదలో కూలబడి ఏడ్చింది.

తొలకరి పడింది. పొట్టి గడ్డి వస్తుందేమోనని రోజూ వెళ్లి వంగి వంగి చూసింది. రాలేదు. కాలిన మొదళ్లలోంచి మామగారి గడ్డి మాత్రం ఏమీ జరగనట్టు లేచింది, ఈసారి బీడంతా తనదే అన్నట్టు. పెద్దాయన కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు.

"నవ్విన నాపచేనే పండింది, చూశావా అమ్మాయ్!"

పొలాలు కాలినవాళ్లే సంచులు పట్టుకుని పిలకల కోసం వచ్చారు. "అయ్యగారూ, మాకూ నాలుగు దుబ్బులు ఇప్పించండి, ఇంకేం మొలవట్లేదు" అని అడిగారు. వీళ్ల సిగ్గెక్కడ కాలిపోయిందో అనుకుంది ఆమె. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

పాకలో ఖాళీ తొట్టి నాకుతూ ఆవులు అరిచాయి. కొన్న ఎండుమేత అయిపోయింది. చూడి ఆవు లేవలేక పడుకునే అరుస్తోంది. ఆ అరుపు ఎంతసేపని వినగలదు? కొడవలి తీసుకుని బీడులోకి వెళ్లింది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. ఒక మోపు కోసి తెచ్చి వేస్తే ఆవులు తల ఎత్తకుండా తిన్నాయి.

రెండో మోపుకి వెళ్లేసరికి మామగారు చెట్టు మోడు దగ్గర నిలబడి ఉన్నాడు. దెప్పుతాడనుకుంది. ఆయన దెప్పలేదు. ఎంతో ప్రేమగా చెప్పాడు.

"మరీ మొదలంటా కోయకమ్మాయ్. మళ్లీ రావాలి కదా."

ఆమె ఆయన వంక చూడలేదు. చేతిలో దుబ్బుని బిగించి పట్టుకుని, కొడవలిని నేల నుంచి జానెడు పైకెత్తి కోసింది.