కరెంటు ముట్టని మనిషి

శ్రీరామ్మూర్తిని కరెంటు ముట్టుకోదు. ఈ సంగతి మధురవాడలో ఆ వీధి మొత్తానికీ తెలుసు. తెలియని వాళ్లెవరైనా మిగిలితే ఆయనే గేటు దగ్గర ఆపి మరీ చెబుతాడు. పద్మనాభంలో వ్యవసాయం చేసే రోజుల్లో పదకొండు వేల ఓల్టుల తీగ తెగి ఆయన భుజం మీద పడిందట. కండువా జారిందేమో అనుకొని సర్దుకున్నాడట. పక్క చేలో ఎద్దులు మాత్రం ఆ దృశ్యం చూసి వారం రోజులు మేత ముట్టలేదట.

అలాంటి మనిషి ఉన్న ఇంటికి వైరింగు పరీక్ష చెయ్యడానికి ఇంకెవరో వస్తున్నారంటే ఆయనకి నవ్వొచ్చింది. కోడలు ఆశాజ్యోతికి మాత్రం నవ్వు రాలేదు. రుషికొండ ఆఫీసులకి పోయే తల్లుల పిల్లల కోసం ఆమె కింది వాటాలో డే కేర్ పెడుతోంది. సోమవారం తొమ్మిది మంది పిల్లలు వస్తారు. ఇంట్లో కరెంటు భద్రంగా ఉందని కాగితం చూపించకపోతే ఒక్క తల్లీ పిల్లని గుమ్మంలో దించదు. ఆవేళ అప్పుడే శుక్రవారం.

వచ్చింది నీలిమ అనే లైసెన్సున్న ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు. భుజాన సంచి, చేతిలో మీటరు.

"ఏటమ్మడూ, అంత సరంజామా ఎందుకు? నన్నడిగితే సెప్పనా? ఈ ఇంట్లో తీగలన్నీ నాకు సుట్టాలే" అన్నాడు శ్రీరామ్మూర్తి.

"తగువులు పెట్టేది సుట్టాలే కదా తాతగారూ" అంటూ నీలిమ మెయిన్ బోర్డు మూత విప్పింది.

లోపల ఫ్యూజులో వెంట్రుకంత తీగ ఉండవలసిన చోట, పురికొసలా మెలిపెట్టిన రాగి తీగ ఉంది.

"ఇదెవరి పని?"

"నాదే. మాటిమాటికీ ఫ్యూజు ఎగిరిపోతంటే నానే ఏసేను. మూడేళ్లయింది, మళ్లీ ఎగిరితే ఒట్టు."

"అదెగరదు తాతగారూ. ఈసారి ఇల్లే ఎగురుతాది."

నీలిమ ఫ్యూజు మార్చింది. సముద్రపు గాలికి తుప్పెక్కి వదులైన స్క్రూలు బిగించింది. తీగకి నాలుగు చోట్ల టేపు చుట్టి ఉన్న ఇస్త్రీపెట్టెని చూసి, దాన్ని పక్కన పెట్టేసింది. చివరికి "ఇంకేమైనా ఇబ్బందుందా అక్కా?" అని అడిగింది.

"పెరట్లో కుళాయి సాయంత్రం పూట ముట్టుకుంటే జివ్వుమంటందండి. మావయ్యగారేమో నా ఒంట్లో వాతం అంటారు" అంది ఆశాజ్యోతి.

"వాతమే. నాను రోజూ ముట్టుకుంటన్నాను, నాకేటీ అవదే!" అన్నాడాయన. పాదాల పగుళ్లకి భయపడి పెరట్లో ఎప్పుడూ విడవని రబ్బరు చెప్పులు టపటపలాడాయి.

నీలిమ కుళాయికి టెస్టరు ఆనించింది. వెలగలేదు. మీటరు పెట్టి రెండుసార్లు చూసింది. ఏమీ లేదు.

"కనబడని దోషం రాయలేను కదా. కాగితం ఇచ్చేస్తాను" అని కలం తీసింది. ఆశాజ్యోతి ముఖం విప్పారింది.

శ్రీరామ్మూర్తి చెవిలో మాత్రం 'సాయంత్రం పూట' అన్న మాట దోమలా తిరగసాగింది. సాయంత్రం ఆరింటికి ఆ పెరట్లో జరిగేది ఒక్కటే. ఆయన బల్బు వేస్తాడు. ఆ బల్బు పెట్టిందీ ఆయనే. బల్బులోంచి కరెంటు తిరిగి బోర్డుకి పోవలసిన రెండో తీగ నాలుగు గజాలు చాల్లేదు. కొనుక్కొద్దామంటే బయట వాన. ఊళ్లో బోరు షెడ్డు దగ్గర అందరూ చేసే పనే కదా అని, ఆ తీగ కొసని కుళాయి ఇనప గొట్టానికి చుట్టి, పైన పచ్చరంగు పూసేశాడు. కరెంటు గొట్టంలోంచి భూమిలోకి పోయేది, బల్బు వెలిగేది. నిరుడు వేసవిలో కింది గొట్టం పాడైతే ప్లంబరు ప్లాస్టిక్ గొట్టం వేశాడు. అప్పట్నుంచే బల్బు మసకేసింది. ఓల్టేజీ లేదని తిట్టుకున్నాడే గాని, భూమిలోకి దారి మూసుకుపోయిన కరెంటు ఎక్కడ నిలబడిందో ఆలోచించలేదు.

నోరు మూసుకుంటే కాగితం వస్తుంది, పరువూ ఉంటుంది. కానీ కుళాయి పిల్లల ఎత్తుకే ఉంది. పలహారం తిని తొమ్మిది మందీ తడి కాళ్లతో చేతులు కడుక్కునేది అక్కడే.

"అమ్మడూ, కలం ఆపు" అన్నాడు. వెళ్లి పెరటి స్విచ్చు నొక్కాడు. "ఇప్పుడెట్టు టెస్టరు."

ఎర్రగా వెలిగింది. ఆశాజ్యోతి ముఖం వాడిపోయింది. "మావయ్యగారూ, సోమవారం..."

"అవుతాది తల్లీ. తప్పు నాది, తీగా నాదే" అని పచ్చరంగు కింద దాచిన చుట్లు గోటితో గీకి చూపించాడు.

నీలిమ ఆ తీగ కత్తిరించి, మెయిన్ బోర్డు దాకా కొత్త తీగ లాగింది. కాస్త కరెంటు కారినా టక్కున ఆపేసే స్విచ్చొకటి బిగించింది. భోజనాల వేళకి కుళాయిని బల్బు వేసి ఒకసారి, ఆర్పి ఒకసారి పరీక్షించింది. అప్పుడు రాసింది కాగితం.

దాన్ని రెండు చేతులా అందుకున్నాక గాని ఆశాజ్యోతికి నవ్వు రాలేదు. "మరి మిమ్మల్ని కరెంటు ముట్టదు గదా మావయ్యగారూ?"

"ముట్టనిది నా సెప్పుల్ని."

"ఆ పదకొండు వేల ఓల్టుల తీగో?"

"తుపానెలిపోయిన మూడో రోజది. ఊరంతా సీకటి. అందులో కరెంటుంటే నీకు మావయ్య మిగులునా?"

సోమవారం తొమ్మిది మందీ వచ్చారు. ఆ కుళాయి కిందే చేతులు కడుక్కున్నారు, ఒకరి మీద ఒకరు నీళ్లు జల్లుకున్నారు. ఆరింటికి శ్రీరామ్మూర్తి బల్బు వేస్తే, మసక వదిలిన ఆ వెలుగుకి పక్కింటి కామరాజు కోడిపుంజు తెల్లారిందనుకొని మూడుసార్లు కూసింది.

ఇందులో కోడిపుంజు ఒక్కటే కల్పన. కామరాజు ఇంట్లో ఉన్నది కుక్క. అది తల కూడా ఎత్తలేదు.