ముగ్గుగీతల కాలువ

ఇంట్లో చేరిన మురుగునీటిని బాలమణి పొద్దుటి నుంచి బొక్కెనతో ఎత్తిపోస్తూనే ఉంది. తునికాకు కట్టలన్నీ తడిసిపోయాయి. ఈవేళ బీడీలు చుట్టేది లేదు, కూలీ లేదు. అయినా మధ్యాహ్నం ఆ తడి కొంగుతోనే వాడ సమావేశానికి వచ్చింది. వాడవాళ్లే కమిటీగా ఏర్పడి తమకు కావలసిన పథకం గీసిస్తే పనులు చేపడతామని మున్సిపాలిటీవారు చెప్పారు. గడపగడపకూ తిరిగి మనుషులను పోగుచేసింది బాలమణి. అధ్యక్షురాలెవరని అడగ్గానే అందరి నోటా వచ్చిన పేరు మాత్రం పెర్సిస్‌ది.

పెర్సిస్‌ది పక్కిల్లే, ఇంకాస్త పల్లంలో. చర్చిలో పిల్లలకు పాటలు నేర్పుతుంది. నలుగురిలో తడబడకుండా మాట్లాడుతుంది. బాలమణికి అదే కంట్లో నలుసు.

"ముగ్గుతోని నేల మీదనే వాడ పటం గీద్దాం. బాలమణక్క చెయ్యి మస్తుంటది," అన్నది పెర్సిస్.

"పేరేమో నీకు, నడుం నొప్పేమో నాకు," అని గొణుగుతూనే బాలమణి వంగింది. సందులు, ఇళ్లు, నల్లాలు తెల్లగా తేలాయి. కొత్త మురుగుకాలువ గీత తన ఇల్లు దాటి పెర్సిస్ గడప ముందుకు రాగానే ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. గీత అక్కడే తెగింది.

కుర్చీలో కూర్చున్న వాడ పెద్ద ఇంద్రకరణ్ పటేల్ ముఖం వెలిగింది. కాలువ ఇంకా ముందుకు సాగితే, పాత నాలాను పూడ్చి ఆయన కట్టించిన ఫంక్షన్ హాలు గోడ పోతుంది.

"గిట్ల గీసేటోళ్లు కావాలె! బాలమణీ, ప్రెసిడెంట్‌వి నువ్వే. నేను చెప్తున్న, ఎవ్వలొద్దంటరు?"

ఆ మాట కోసమే కాచుకున్న చెవులు. ఆమెకు ఒళ్లు పులకరించింది.

పెర్సిస్ కోపగించుకోలేదు. "అక్కా, నా ఇంటి ముంగట ఆగిన నీళ్లు యాడికి పోతయి? మల్ల నీ ఇంట్లకే ఎక్కుతయి గద."

నీటికి ఎవరి మీదా అసూయ ఉండదు. దారి మూస్తే వచ్చిన దారినే వెనక్కి తిరుగుతుంది. అది బాలమణికీ తెలుసు. కానీ ఆ మాట కూడా దీని నోటి నుంచే రావాలా అని కడుపు మండింది.

మండుతూనే పిడికెడు ముగ్గు తీసింది. గీత పెర్సిస్ గడప దాటింది. హాలు గోడను నిలువునా కోసుకుంటూ ఇంద్రకరణ్ కుర్చీ దాకా వచ్చింది.

"ప్రెసిడెంట్ పదవి వద్దానే నీకు?" అన్నాడాయన నెమ్మదిగా.

"ఎందుకొద్దు పటేలా? కావాలె. మీరిచ్చేదైతే వద్దు." ఆమె పెర్సిస్ వైపు చూడలేదు. "జర కాళ్లు జరుపుండ్రి."

ఆయన జరపలేదు. ఆమె పిడికిలిలోంచి ముగ్గు సన్నగా ఆయన చెప్పుల మీద రాలుతూనే ఉంది.