ఇల్లు చూడటానికి వచ్చినావిడ

కోర్టు తరఫున ఒకావిడ మా ఇల్లు చూడటానికి వస్తుందని తెలిసినప్పటి నుంచి, ఆవిడ ఏం చూస్తుందా అన్నదే నా ధ్యాస. మా అక్కా బావా పోయి ఏడు నెలలైంది. వాళ్ల ఏడేళ్ల పాప అప్పటి నుంచి మా దగ్గరే ఉంటోంది. పాపకు చట్టప్రకారం సంరక్షకులుగా మమ్మల్ని నియమించమని మేము అర్జీ పెట్టాం. బావగారి అన్నయ్య తనను నియమించమని ఇంకో అర్జీ పెట్టాడు. ఆయనది మాకంటే పెద్ద ఇల్లు. వచ్చే ఆవిడ రాసే నివేదికను బట్టే జడ్జి తేలుస్తారట.

"ఏం చూస్తారండీ?" అని లాయరును మూడుసార్లు అడిగాను.

"ఇల్లు చూస్తారమ్మా" అన్నాడు మూడుసార్లూ.

ఇల్లు చూపించడం నాకు చేతనైన పనే. గోడల మీద పాప గీసిన రంగుపెన్సిలు గీతలు సబ్బునీళ్లతో తుడిచాను. సోఫా కింద పూసలు, సీసామూతలు, కిటికీలో ఎండబెట్టిన ఆకులు, ఒంటిచెయ్యి బొమ్మ, అన్నీ ఏరి పాత దుప్పట్లో మూట కట్టాను. ఆవిడ వచ్చే రోజు పొద్దున్నే మావారిని స్టూలెక్కించి దాన్ని అటక మీద పెట్టించాను.

"ఇంత బరువేమిటే? బొమ్మలు గానీ తిండి తింటున్నాయా?" అన్నారాయన రొప్పుతూ. దిగాక గోడలు చూసి, "గోడలకు చెవులుంటాయంటారు. నువ్వు తోమిన తోముడికి ఈపాటికి ఊడిపోయుంటాయి" అన్నారు.

పది గంటలకు ఆవిడ వచ్చింది. కళ్లజోడు, చేతిలో అట్టకు బిగించిన కాగితాలు. గోడల వైపు చూడనే లేదు. తిన్నగా స్నానాలగదిలోకి వెళ్లింది.

"బ్రష్షులు రెండే ఉన్నాయేమండీ?"

పొద్దున మూడు ఉన్నాయి. నేనే చూశాను. ఆ మాట అనేలోగా ఆవిడ బీరువా తెరిపించింది. పాప బట్టలుండే అర ఖాళీగా ఉంది. పాప గుమ్మం దగ్గర నిలబడి నన్నే చూస్తోంది.

"పాప నిజంగా ఇక్కడే ఉంటోందా అమ్మా?"

మావారికి పొద్దున్నటి బరువు గుర్తొచ్చిందో ఏమో, స్టూలు తెచ్చి మూట దించారు. విప్పితే పూసల పైన పాప గౌన్లన్నీ, స్కూలు పుస్తకాలు, చెప్పులు, బ్రష్షు. నేను పెట్టినవి కావవి.

"ఇవెందుకు పెట్టావమ్మా?" అన్నాను.

"నావన్నీ మూట కట్టావుగా పిన్నీ. పెదనాన్న వాళ్లింటికి పంపిస్తున్నావనుకున్నా. ఇవి మర్చిపోయావని పెట్టా."

అధికారిణి కళ్లజోడు తీసి, "మరి మూట ఎందుకు కట్టారు?" అంది.

"మీరొస్తున్నారని."

"భలేవారే. నేనొచ్చింది వీటిని చూడ్డానికేనమ్మా" అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఎక్కడివక్కడ పెట్టేయండి. నాకేం తొందర్లేదు."

పూసలు సోఫా కిందికి, ఆకులు కిటికీలోకి పోయాయి. బొమ్మను కర్టెను వెనక నిలబెట్టబోయాను.

"అక్కడ కాదు. దిండు కింద" అంది పాప.

"మొన్న దానికి జలుబు చేసిందని నువ్వే అక్కణ్ణుంచి తీశావు కదే?"

"తగ్గిపోయింది."

"నాకు చెప్పొద్దూ? నేనింకా కిటికీ మూసే పడుకోబెడుతున్నాను."

ఆవిడ కలం కదలడం మొదలైంది. తల తిప్పకుండా కళ్లు మాత్రం తిప్పి చదవబోయాను. ఒక్క అక్షరం అందలేదు. పాప మాత్రం వెళ్లి ఆవిడ మోచేతి దగ్గర నిలబడింది.

"ఏం రాస్తున్నారు?"

"నువ్విక్కడే ఉంటే మంచిదని. సరేననాల్సింది జడ్జిగారు. నా మాట ఎప్పుడోగానీ తీసెయ్యర్లే."

"ఎన్నాళ్లు ఉండాలి?"

"నీకు పద్దెనిమిదేళ్లు నిండేదాకా."

పాప వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. రెండు చేతులూ చాలలేదు. "అప్పుడు మళ్లీ మూట కడతారా?"

అధికారిణి కాగితం ఇటు తిప్పి, అటు తిప్పి, నావైపు చూసింది. "దానికి ఇందులో గడి లేదు. మీరే చెప్పాలి."

"కట్టను" అన్నాను. "ఎప్పుడూ కట్టను."

"కట్టినా అటక మీద పెట్టేవాడు లేడు. నా నడుము ఇవాళే పోయింది" అన్నారు మావారు.

పాప ఆయన నడుము వైపు కాసేపు చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు. గౌన్లు తీసుకెళ్లి బీరువాలో తన అరలో పెట్టుకుంది. మడతలు వంకరగా ఉన్నాయి. సరిచెయ్యడానికి లేచినదాన్ని, మళ్లీ కూర్చున్నాను.