తిరిగేచోటు

చెంగయ్య వంగి, గుప్పెట్లోంచి ముగ్గుపిండి జారవిడుస్తూ దారి మలుపులో బాణం గుర్తు గీశాడు. ఇంకా తెల్లవారలేదు. నడుం పట్టుకుని లేచి, గీసినదాన్ని ఒకసారి చూసుకుని, బకెట్ తీసుకుని గుట్ట వైపు నడిచాడు.

హైస్కూల్లో అతడు అటెండరు. ఏటా పరుగుపందెం రోజున గుట్ట కింద బండ దగ్గర నిలబడి, అక్కడి దాకా వచ్చిన పిల్లల మణికట్టుకు రబ్బరుబ్యాండు తొడిగి వెనక్కి పంపడం అతని పని. ఆఖరి పిల్ల తిరిగేదాకా అక్కణ్ణుంచి కదలకూడదు. అందుకే ఇన్నేళ్ళలో ఎవరూ గెలవగా అతడు చూడలేదు. అతనికి తెలిసినవన్నీ సగం దారిలోని ముఖాలే. ఇప్పుడు పుంగనూరులో నర్సుగా చేస్తున్న మాలతి, చెయ్యి చాచినప్పుడల్లా ఎందుకో నవ్వేది. మదనపల్లె నుంచి టమోటా లారీ తోలే భీమరావు, బండకు ఆనుకుని వాంతి చేసుకుని మళ్ళీ పరిగెత్తాడు. తర్వాత వాళ్ళు ఏమయ్యారన్నదాని కంటే, ఆ క్షణంలో ఎలా ఊపిరి పీల్చారో అతనికి బాగా గుర్తు.

ఇవాళ్టితో ఉద్యోగం అయిపోతుంది. ఈసారి చివర్లోనైనా స్కూటరు మీద తీసుకుపోయి పందెం ముగియడం చూపిస్తానని డ్రిల్లు మాస్టరు సురేంద్ర మాటిచ్చాడు. నిన్న సాయంత్రం చెంగయ్య మదనపల్లె పోయి క్షవరం చేయించుకుని, చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు.

ఎండెక్కేసరికి పిల్లలు వచ్చారు, తిరిగారు, పోయారు. దుమ్ము అణిగింది. సురేంద్ర స్కూటరు ఆపాడు.

"ఎక్కు చెంగయ్యా. ముందరోళ్ళు వచ్చేస్తాండారు."

"కుప్పం నుంచి వచ్చిన పాప రాలేదు సార్."

"తేజస్వినా? యాడో సగంలోనే ఎనక్కి పోయింటాది. రాప్పా, మళ్ళీ సూడలేవు."

చెంగయ్య స్కూటరు వెనక సీటు మీద చెయ్యి వేశాడు. రెక్సిన్ వేడిగా ఉంది. కాసేపటికి చెయ్యి తీసేశాడు.

"మీరు పోండి సార్. నేను వెతుక్కోని వస్తా."

"సరే, నేను రోడ్డెంబడి సూసుకుంటా పోతా," అని సురేంద్ర వెళ్ళిపోయాడు.

మలుపు దగ్గరికి వచ్చేసరికి చెంగయ్యకు విషయం అర్థమైంది. అతను బాణం గీసింది మలుపింటి సుభద్రమ్మ వాకిట్లో. ఇప్పుడక్కడ కళ్ళాపి ఆరిన పచ్చటి నేల, దాని మీద తామరపువ్వు ముగ్గు.

"ఆ గీత నీదా?" అంది సుభద్రమ్మ గడపలోంచి. "ఏటా ముందురోజు వస్తావు, వక్కాకు ఏసుకుంటావు, నీళ్ళు పెందలాడే సల్లెయ్ అక్కా అంటావు. ఈ తూరి మొగమే సూపీలేదు. నేనేం కల గన్నానా?"

"మర్సిపోయినా అక్కా. నిన్న మదనపల్లె పోయింటి."

"గుండు గీయించుకున్నట్టుండావే, పెండ్లికా?" అని నవ్వి, అతని ముఖం చూసి ఆపేసింది. "ఒక పిల్ల మాత్రం నేరుగా మామిడితోపు దిక్కు పోయింది. యాడికమ్మా అంటే ఆగల్యా."

తెలిసిన పిల్లలకు బాణంతో పని లేదు. జూన్‌లో బడిలో చేరి, అందరి వెనకా ఒంటరిగా వచ్చిన పిల్లకే అది కావాలి. చివరిని చూడాలన్న తన ఆశే ఆ పిల్ల దారి చెరిపిందని అతనికి తోచింది.

తేజస్విని తోపు గట్టు మీద కూర్చుని కాల్లో ముల్లు తీసుకుంటోంది.

"అయిపోయిందా తాతా?"

"నువ్వుండావు కదమ్మా. యాడైపోతాది?" ఆమె చేతికి రబ్బరుబ్యాండు తొడిగాడు.

"తిరిగేచోటు ఇదేనా?"

"నేనుంటాను గాబట్టే అది తిరిగేచోటు. ఇప్పుడు ఈడుండాను. పద."

ఆమె కుంటుతూ పరుగందుకుంది. చెంగయ్య వెనకే నడిచాడు. పిల్లలు తిరిగిపోయే దారిన, వాళ్ళ కాలిజాడల మీద నడవడం అతనికి ఇదే మొదలు.

బడి మైదానం ఖాళీగా ఉంది. మైకుసెట్టువాళ్ళు వైర్లు చుట్టుకుంటున్నారు. గేటు దగ్గర ఆ పిల్ల ఆగింది.

"యాడిదాకా పరిగెత్తల్ల తాతా?"

అతనికీ తెలియదు. కళ్ళు చిట్లించి వెతికాడు. దూరంగా, కాళ్ళ కింద నలిగిన తెల్లగీత ఒకటి కనిపించింది.

"ఆ గీత దాటల్ల."

ఆమె బలమంతా తీసుకుని పరిగెత్తింది. గీత దాటి వెనక్కి తిరిగింది. చివర్లో ముఖాలు వెలిగిపోతాయని అతను ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఆ ముఖంలో వెలుగేమీ లేదు. అది ఎవరి కోసమో వెతికింది, వెతికి అతని దగ్గర ఆగింది. చెంగయ్య చప్పట్లు కొట్టాడు. ఖాళీ మైదానంలో ఆ చప్పుడు పెద్దగా వినిపించేసరికి, సిగ్గుపడి చేతులు దించుకున్నాడు.

స్టాఫ్‌రూమ్ మెట్టు మీద సురేంద్ర అతని కోసం గ్లాసుడు నిమ్మరసం ఉంచి, చీమలు పట్టకుండా ప్లేటు మూసి పోయాడు. పిల్ల సగం తాగింది. మిగతాది చెంగయ్య ఎత్తి పోసుకున్నాడు. తర్వాత గదులన్నింటికీ తాళాలు వేసి, తాళాలగుత్తి హెడ్మాస్టరు చేతికిచ్చి, నమస్కారం పెట్టి గేటు దాటి వెళ్ళిపోయాడు.

మెట్టు మీద స్టీలు గ్లాసు ఉంది, అడుగున రెండు నిమ్మగింజలతో.