తలుపంత నేల

ఆ ఇంట్లో ప్రతి వస్తువుకీ ఒక యజమాని ఉన్నారు. హాల్లో టీవీ రిమోట్ మామగారిది. వంటింట్లో పై అర, కింది అర, మధ్య అర, ఆ అరల మీద పరిచిన పాత పేపర్లు కూడా అత్తగారివి. పడగ్గదిలో బీరువా భర్తది. అందులో సగం అతని కాలేజీ నాటి క్రికెట్ ప్యాడ్లది. కోడలికి మిగిలింది కిటికీ పక్కనున్న అద్దం బల్ల. దాని మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. మీటింగ్ అయిపోయి తల ఎత్తితే ఎదురుగా తన మొహమే. "నువ్వు కూడా మ్యూట్‌లోనే ఉన్నావా తల్లీ" అనుకునేది.

పెళ్ళై ఏడాది దాటినా, గరిటె కావాలంటే "అత్తయ్యా, ఇది తీసుకోనా?" అని అడగాల్సిందే. వద్దని ఎవరూ అనరు. అడగకుండా తీస్తే మాత్రం, ఆ గరిటె ఉండాల్సిన మేకు దగ్గర అత్తగారు కాసేపు నిలబడి గోడని చూస్తుంది. ఆ చూపు కన్నా అడగడమే సుఖం.

అందుకే, చలి వెనక్కి తగ్గి, ఎండకి ఇంకా కోపం రాని ఆ రోజుల్లో అత్తగారు పెరట్లో మళ్ళు తవ్వడం మొదలుపెట్టగానే, కోడలు గుండె గట్టి చేసుకుని వెళ్ళి అడిగేసింది.

"అత్తయ్యా, ఆ గోడవార ముక్క నాకిస్తారా?"

అత్తగారు పార ఆపింది. గోడకీ బట్టలారేసే తీగకీ మధ్య, తలుపు ఊడదీసి పడుకోబెడితే ఎంతుంటుందో అంత నేల.

"ఏం చేసుకుంటావమ్మాయ్?"

"ఏదో ఒకటి పెంచుకుంటాను."

"నువ్వా?" అత్తగారు కిటికీ వైపు చూసింది. ఆ కిటికీలో ఒకప్పుడు సీసాలో మనీప్లాంట్ ఉండేది. ఇప్పుడు సీసా ఉంది. "నీళ్ళు పోస్తే చాలు, బతికేస్తుంది అది. దాన్ని కూడా చంపావు కదే."

"అది ముందునుంచే డల్‌గా ఉంది అత్తయ్యా."

"నువ్వొచ్చాకే డల్ అయింది."

వరండాలో పేపర్ చదువుతున్న మామగారు దగ్గారు. ఆ దగ్గు ఎవరి పక్షమో ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరూ తేల్చలేకపోయారు.

అత్తగారు మర్నాడే వాళ్ళక్కగారింటికి ప్రయాణం. అక్కగారికి కంటి ఆపరేషన్. మూడు వారాలు దగ్గరుండి చుక్కలు వెయ్యాలి. ఊరెళ్ళే ముందు మనసులో ఈ బాధ ఎందుకనుకుందో ఏమో, లోపలికి వెళ్ళి గుప్పెడు గింజలు తెచ్చి కోడలి చేతిలో పోసింది.

"గుమ్మడి. ఎవరు వేసినా వస్తుంది. నేనొచ్చేసరికి నీ చేత్తో పడ్డ గింజ ఒక్కటి మొలిచినా చాలు, ఆ ముక్క నీది. మొలవలేదా, అక్కడ వంగ నారు పోసేస్తాను. మళ్ళీ నన్నడక్కు."

"డన్ అత్తయ్యా."

"ఇంకో మాట. నా గులాబీల జోలికెళ్ళకు. నీ నీడ కూడా వాటి మీద పడకూడదు."

కోడలు ఆ షరతులు అక్షరం పొల్లుపోకుండా గుర్తుపెట్టుకుంది. అడిగినవాళ్ళు ఏమన్నారో, ఏమనలేదో గుర్తుపెట్టుకోవడమే కదా ఆమెకి జీతమిచ్చే పని.

మర్నాడు అత్తగారి ఆటో మలుపు తిరగ్గానే వంటింట్లోంచి ఒక స్పూను తీసింది. ఎవరినీ అడగలేదు. ఆ స్పూనుతోనే గుంటలు తీసి, గింజలు పాతి, నీళ్ళు చల్లి, చేతులు దులుపుకుంది. ఆ రాత్రి చాలా బాగా నిద్రపట్టింది.

రెండోనాడు పొద్దున్నే వెళ్ళి తవ్వి చూసింది.

ఒక పని జరుగుతోందో లేదో చూడకుండా వదిలెయ్యడం ఆమె వల్ల కాదు. గింజ వేసింది వేసినట్టే ఉంది. మళ్ళీ కప్పింది. మూడోనాడు తవ్వింది. అలాగే ఉంది. వాళ్ళ ఆఫీసులో ఒక పద్ధతుంది. మూడు రోజులు ఏ కదలికా లేని ఫిర్యాదుని మూసేస్తారు. గింజకి మాత్రం వేరే రూలెందుకు? కదలిక లేని గింజని రెండు వేళ్ళతో పైకి తీసి, "ఫెయిల్" అని, భుజం మీదుగా వెనక్కి విసిరేసి, ఆ గుంటలో కొత్త గింజ వేసింది. వెనక ఉన్నవి అత్తగారి గులాబీలు. నీడ పడకూడదన్నారు గానీ, గింజలు పడకూడదని ఎవరన్నారు?

బ్రష్షు నోట్లో పెట్టుకుని భర్త పెరటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నావ్?"

"చెక్ చేస్తున్నా."

"నిద్రపోయేవాణ్ణి లేపి, నిద్ర పట్టిందా అని అడిగినట్టుంది."

"నీకు తెలీదు, ఊరుకో. ఇవి బ్యాడ్ పీసులు."

"మా అమ్మ ఇచ్చినవా? ఆ మాట ఫోన్‌లో చెప్పు, నేను స్పీకర్ ఆన్ చేస్తా."

అత్తగారు ఊళ్ళో లేదన్న మాటే గానీ, సాయంత్రం అయ్యేసరికి ఫోన్‌లో ప్రత్యక్షమయ్యేది. వీడియో కాల్ అంటే ఆమె ఉద్దేశంలో ఫోన్‌ని చెవికి ఆనించుకోవడం. కాబట్టి కోడలికి రోజూ అత్తగారి చెవి, దాని వెనక తెల్ల జుట్టు, అప్పుడప్పుడు వాళ్ళక్కగారి నల్ల కళ్ళద్దాలు కనిపించేవి.

"మడి చూపించమ్మాయ్."

చెవిలోంచి ఎలా చూస్తుందో తెలీదు గానీ చూసేది. కోడలు ఫోన్ తిప్పింది.

"తడి బాగానే ఉంది. మొలకలేవీ?"

"నెట్ స్లోగా ఉందత్తయ్యా. మొలకలు ఇంకా లోడ్ అవ్వలేదు."

"అయితే నేనొచ్చి లోడ్ చేస్తాలే, వంగ నారు."

రెండో వారం మొదలయ్యేసరికి గుప్పెడు గింజలూ అయిపోయాయి. గుంటలున్నాయి, గుంటల్లో ఏమీ లేదు. కోడలు పెరటి మెట్టు మీద స్పూను పట్టుకుని కూర్చుంది. ఏడవలేదు, ఎవరి మీదా అలగలేదు. అంత ఇంట్లో తలుపంత నేలని నాది అనుకోవాలనుంది, అంతే. గరిటెకి అడిగినట్టు అడగకుండా వెళ్ళి కూర్చునే చోటు. అది కూడా వంకాయల పాలయ్యేలా ఉంది. ఆ మాట పైకి అనలేదు కానీ, మీటింగ్ మొదలైనా లోపలికి రాకుండా కూర్చోవడం భర్త చూశాడు. చల్లారిన టీ గ్లాసు మామగారు చూశారు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఆ ఇంట్లో మగవాళ్ళు ఏదైనా మంచి పని చెయ్యాలనుకుంటే దొంగతనంగానే చేస్తారు.

తర్వాత చాలా రోజులు ఆమె పెరట్లోకి వెళ్ళనే లేదు. నీళ్ళ గొట్టం మామగారికి వదిలేసింది. మూడో వారంలో ఒక పొద్దున భర్త ఆమెని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు.

"చూశావా నీ మడి? నువ్వేమో ఫెయిల్ అన్నావు."

మడి పచ్చగా ఉంది. ఒక పక్క నాలుగు టమాటా మొక్కలు, అప్పుడే పార్లర్‌నుంచి వచ్చినట్టు నీటుగా. ఇంకో పక్క చిక్కుడు మొలకలు, గీత గీసి నిలబెట్టినట్టు వరసగా. టమాటాల వైపు చూసి భర్త మురిసిపోతున్నాడు. చిక్కుళ్ళని చూసి మాత్రం అతనికే ఆశ్చర్యంగా ఉంది.

"నేను వేసింది గుమ్మడి," అంది కోడలు.

"అయితే?"

"గుమ్మడి గింజకి టమాటా పుట్టింది. దానికి తోడు చిక్కుడు కూడా. అయితే ఏంటి, అంతేనా?"

భర్త తల గోక్కున్నాడు. వరండాలో పేపర్ ఇంకొంచెం పైకి లేచి మామగారి మొహాన్ని పూర్తిగా కప్పేసింది.

ఆమెకి ఒళ్ళు మండింది. ఇది మోసం. రిజల్ట్ రాకపోతే రాలేదని చెప్పాలి, ఎవరో పక్కనుంచి తెచ్చి పెట్టిన రిజల్ట్‌ని చూపించడం ఆఫీసులోనైతే ఉద్యోగం పోయే నేరం. వాటిని అప్పుడే పీకి పారేద్దామని వంగింది. వంగి, టమాటా ఆకు మీదున్న చిన్న పురుగుని తీసేసి, లేచి, కాసిని నీళ్ళు పోసింది. సూత్రాలు సూత్రాలే గానీ, అత్తగారు శనివారం వస్తోంది.

శనివారం అత్తగారు బ్యాగు కూడా దించకుండా తిన్నగా పెరట్లోకి నడిచింది. వెనకే కొడుకు, కోడలు, నాలుగడుగులు ఎడంగా మామగారు. అత్తగారు మడి ముందు గొంతుక్కూర్చుంది. ఒక టమాటా మొదట్లో వేలుపెట్టి మట్టి పక్కకి జరిపింది. మట్టి కింద కొబ్బరి పీచు పొట్టు, బిస్కెట్ ముక్కలా చదరంగా, అచ్చుపోసినట్టు.

"ఇది నర్సరీ ట్రేలోంచి ఊడబెరికి పెట్టింది. ఎంతకి కొన్నావురా?"

"నేనా?" అన్నాడు కొడుకు.

"కాదు, మీ తాతయ్య వచ్చి కొన్నాడు." అత్తగారు చిక్కుళ్ళ వైపు జరిగింది. ఒక్కో మొలక చుట్టూ నేల మీద గుండ్రటి అచ్చు ఇంకా చెరిగిపోలేదు. మామగారికి ఇనప సామాన్ల షాపు. అత్తగారు వెనక్కి తిరక్కుండానే అడిగింది. "ఏవండీ, ఇది ముప్పావంగుళం పైపా, అంగుళమా?"

"ముప్పావు," అన్నారు మామగారు, ఆలోచించకుండా. తర్వాత ఆలోచించి దగ్గారు.

అత్తగారు కోడలి వైపు చూసింది. "నువ్వు వేసిన గుమ్మడేదమ్మాయ్?"

అబద్ధం చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. "ఒక్కటి కూడా రాలేదు అత్తయ్యా."

"సరే మరి." అత్తగారు లేచి చీర దులుపుకుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది. "వంగ నారు రేపు పోస్తా. స్పూను మాత్రం కడిగి లోపల పెట్టు."

అని, మూడు వారాల బెంగ తీర్చుకోవడానికి గులాబీల దగ్గరికి వెళ్ళింది. వెళ్ళిన మరుక్షణం కేక.

"ఎవరిదీ పని!"

గులాబీల మొదళ్ళలో గుమ్మడి. ఒకటి కాదు, గుంపు. అరచెయ్యంత ఆకులేసుకుని, ముళ్ళని కూడా లెక్కచెయ్యకుండా కొమ్మ కొమ్మకీ తీగలు చుట్టుకుని, సొంతిల్లులా కూర్చున్నాయి.

"నేను కాదమ్మా," అన్నాడు కొడుకు. "ఒట్టు, నేను టమాటాలే."

"నేను చిక్కుళ్ళు మాత్రమే వేశానోయ్," అన్నారు మామగారు. "రోజూ నీళ్ళు పెడుతుంటే చూశాను, నువ్వే వేసుకున్నావనుకున్నా."

"గులాబీల్లో ఎవరైనా గుమ్మడి వేసుకుంటారా?" అత్తగారు ఒక ఆకు తిప్పి చూసింది. కోపంగానే చూసింది గానీ, వేళ్ళు మాత్రం ఆకుని నిమిరాయి. "కాడ చూడు ఎంత లావుందో. ఎవరు వేశారో గానీ, చెయ్యి మంచిదే. ఆ చెయ్యి విరగ్గొట్టాలి, అది వేరే సంగతి."

నోరు మూసుకుంటే మడి పోతుంది. తెరిస్తే చెయ్యి విరుగుతుంది. కోడలు తలుపంత నేల వైపు ఒకసారి చూసుకుంది.

"నావే అత్తయ్యా."

"నువ్వు వేశావా? నా గులాబీల్లోనా?"

"వెయ్యలేదు. పారేశాను."

"పారేశావా!"

"రోజూ తవ్వి చూశాను. మూడు రోజులైనా కదలకపోతే పాడైపోయాయనుకుని అలా వెనక్కి..." భుజం మీదుగా విసిరి చూపించింది. గాల్లోంచి ఏదో వచ్చి పడినట్టు అత్తగారు చప్పున పక్కకి తప్పుకుంది.

"గుమ్మడికి వారమన్నా పట్టదుటే? నీ మడిలో పెరగాల్సింది పోయి, నువ్వు పారేస్తే పెరిగిందా!"

"మీరేమన్నారు అత్తయ్యా? నా చేత్తో పడ్డ గింజ ఒక్కటి మొలిచినా చాలన్నారు. ఎక్కడ పడాలో చెప్పలేదు."

కొడుకు ఆకాశం చూశాడు. మామగారు, జీవితంలో మొదటిసారి, దగ్గకుండా ఒక పక్షం తీసుకున్నారు.

"అన్నావోయ్. నేను విన్నాను."

అత్తగారు ఆయన్నీ, కోడల్నీ, గుమ్మడినీ వరసగా చూసింది. "తీసుకో తల్లీ. నీదే ఆ ముక్క."

తీసుకున్నాక తెలిసింది అసలు సంగతి. టమాటాలు పీకుతానంటే భర్త అన్నం మానేసేలా మొహం పెట్టాడు. చిక్కుళ్ళకి మామగారు అప్పటికే మిగిలిన పైపులతో పందిరి కట్టడం మొదలుపెట్టారు. గుమ్మడిని తెచ్చుకుంటానంటే, దానికి వేరు కదిలిస్తే పడదని అత్తగారు తాకనివ్వలేదు. ఆమె నేలలో అందరి మొక్కలూ ఉన్నాయి, ఆమె మొక్కలు అత్తగారి నేలలో ఉన్నాయి. చివరికి గోడ మూల, తలుపుకి గొళ్ళెం ఉండేంత చోటు మిగిలింది. అక్కడ కోడలు తనే నాలుగు బీర గింజలు పాతింది. అత్తగారు దగ్గరుండి ఒట్టు వేయించుకుంది, వారం దాకా తవ్వనని.

తవ్వలేదు. అద్దం బల్ల దగ్గర కూర్చుని, చేతులు కట్టుకుని, మీటింగుల మీద మీటింగులు విన్నది. నాలుగో రోజు సాయంత్రం మీటింగ్ అయ్యాక తల ఎత్తితే, అద్దంలో తన మొహం పక్కన కిటికీ, కిటికీలో పెరడు కనిపించాయి. గోడ మూల ఎవరో గొంతుక్కూర్చుని ఉన్నారు.

చప్పుడు చెయ్యకుండా వెళ్ళింది. అత్తగారు తలలోంచి పిన్ను తీసి, దాని కొసతో మట్టిని సుతారంగా పైకెత్తుతోంది.

"అత్తయ్యా."

అత్తగారు ఉలిక్కిపడింది. "పిన్ను పడిపోయిందమ్మాయ్. వెతుక్కుంటున్నా."

పిన్ను ఆమె వేళ్ళ మధ్యే ఉంది. కోడలు ఆ మాట అనలేదు. వచ్చి పక్కన కూర్చుంది.

"ఏమైనా కదిలిందా?"

అత్తగారు కాసేపు బిగదీసుకుంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఊహూ. రెండు కొంచెం ఉబ్బాయి."

"ఇంకో మూడు రోజులు చూద్దామత్తయ్యా. రాకపోతే గులాబీల్లో పారేద్దాం."

అత్తగారు ఆమె భుజం మీద ఒక్కటి వేసి, మట్టి మళ్ళీ కప్పడం మొదలుపెట్టింది.

"జరగండి," అంది కోడలు, "ఇది నా మడి," అని గోడవార గుచ్చి ఉన్న స్పూను అందుకుంది.